బల్ల దగ్గర లేచి బయటికి వెళ్లిపోకండి తమ్ముడూ

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న మూడుసార్లు చదివాను. మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా రాస్తాను. 11 ఏళ్ల క్రితం మీ ఊళ్లో చిట్టీలు నడిపారు. చివరి చిట్టీ డబ్బు వాడేసుకున్నారు, తీర్చలేక రాత్రికి రాత్రే హైదరాబాదు వచ్చేశారు. అందులో ఒక పెద్దావిడ కూతురి పెళ్లి కోసమని కట్టుకున్న 80,000 కూడా ఉంది. ఆ తర్వాత ప్రభువును నమ్మారు, బాప్తిస్మం తీసుకుని ఏడేళ్లయింది. సంఘంలో పాటలు పాడతారు, యూత్ మీటింగులు చూస్తారు. కానీ నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, సిద్ధం చేస్తుంటే ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్లిపోతారు. మీరు అడిగినవి రెండు. దేవుడు నన్ను నిజంగా క్షమించాడా? బాప్తిస్మంతో పాతవన్నీ పోయాయి కదా, మళ్లీ ఆ ఊరు వెళ్లాలా?

మొదటిదానికి జవాబు, అవును. రెండోదానికి కూడా అవును. ఈ రెండు అవునులూ ఒకదానికొకటి అడ్డం రావని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

31 ఏళ్లు సంఘ కాపరిగా చేసి రిటైరయ్యాను. ఈ విషయం నా దగ్గరికి ఎంతమంది తెచ్చారో లెక్క లేదు. మొదట్లో అందరికీ ఒకే మాట చెప్పి పంపేవాణ్ణి. "అపవాది నేరం మోపుతున్నాడు బ్రదర్, గద్దించండి" అనేవాణ్ణి. కొందరికి అది సరిపోయింది. చాలామంది మళ్లీ వచ్చారు. వాళ్లను చూసే తేడా నేర్చుకున్నాను. అపవాది, అంటే సైతాను, నేరం మోపితే అది పొగలా ఉంటుంది. "నువ్వు ఇంతే, నీ బతుకు ఇంతే" అంటుంది, ఏం చెయ్యాలో మాత్రం చెప్పదు. పరిశుద్ధాత్మ ఒప్పించినప్పుడు పేరు ఉంటుంది, వీధి ఉంటుంది, మొత్తం ఎంతో కూడా ఉంటుంది. మీరు రాసినదాంట్లో మూడూ ఉన్నాయి. దాన్ని గద్దించకండి.

క్షమాపణ సంగతి ముందు తేల్చుకుందాం. యోహాను మొదటి పత్రిక 1:9 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. మన పాపములను మనము ఒప్పుకొనినయెడల ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక క్షమిస్తాడని ఉంది. అక్కడ "జాలిగలవాడు గనుక" అని లేదు, చూశారా? జాలి అయితే ఈ రోజు ఉండి రేపు తగ్గొచ్చు. నమ్మదగినవాడు, నీతిమంతుడు అని ఉంది. అంటే సిలువ దగ్గర ఆ పని అయిపోయింది, ఇక ఆయన మాట తప్పడు. మీ మనసుకు ఎలా అనిపిస్తోంది అన్నదాంతో దానికి సంబంధం లేదు. అదే పత్రిక 3వ అధ్యాయంలో, మన హృదయం మనమీద దోషారోపణ చేసినా దేవుడు మన హృదయముకంటె అధికుడు అని కూడా రాశాడు. మీ మనసు జడ్జి కాదు. మహా అయితే సాక్షి.

అర్హత లేకున్నా దేవుడు చూపే ఈ దయని మనం ప్రొటెస్టెంట్లం కృప అంటాం, కథోలికులు వరప్రసాదం అంటారు. ఆ మాటలో వరం ఉంది, ప్రసాదం ఉంది. ప్రసాదానికి ఎవరూ బిల్లు కట్టరు కదా. ఏడేళ్లుగా మీరు చేస్తున్నది బిల్లు కట్టడమే. దశమభాగం కంటే ఎక్కువ ఇస్తున్నానని, 40 రోజుల ఉపవాసం చేశానని, ఒక గుడికి మైకు సెట్టు కొనిచ్చానని మీరే రాశారు. వాటిలో తప్పేమీ లేదు. కానీ ఆ పెద్దావిడకి ఇవ్వాల్సింది దేవుడికి ఇస్తే చెల్లుతుందని లోపల ఎక్కడో అనుకుంటున్నారు. చెల్లదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ప్రసంగంలో ఎప్పుడూ వాడలేదు, సిగ్గేసి. 1986లో నాకు 22 ఏళ్లు. మా ఊరి గుళ్లో కోతపండుగ వేలంపాట లెక్క రాసే పని నాది. మీకు తెలుసు కదా, గుమ్మడికాయలు, అరటి గెలలు, నాటుకోళ్లు తెస్తారు, పాట పెడతారు, ఒకటికి నాలుగింతలు పాడి కొంటారు. ఆ ఏడు 1,740 రూపాయలు వచ్చింది. నేను పుస్తకంలో 1,440 అని రాశాను. మిగిలిన 300 పెట్టి హెచ్‌ఎంటీ వాచీ కొనుక్కున్నాను. ఆకలి కాదు, రోగం కాదు, వాచీ. ప్రార్థనకి చేతులెత్తినప్పుడల్లా అది మోచేతి మీదికి జారేది. మూడేళ్లు అలాగే చేతులెత్తాను.

బైబిలు కాలేజీలో చేరే ముందు ఇక ఉండలేక మా ట్రెజరర్ తాతగారి దగ్గరికి వెళ్లాను. రిటైరైన హెడ్మాస్టారు ఆయన. అరుగు మీద కూర్చుని తేగలు వలుస్తున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాను. చెప్పేశాను. ఆయన తల ఎత్తలేదు. "ఆ ఏడు నల్ల పుంజుని 60 రూపాయలకి పాడింది నేనేరా. నీ పుస్తకంలో నా పుంజు లేదు" అన్నారు.

ఆయనకి ఆ రాత్రే తెలుసు. పెద్దల మీటింగులో నా పేరు బయటికి రాకూడదని, "అజ్ఞాత దాత, 300" అని రాసి తన జేబులోంచి వేశారు. అంటే ఆ మూడేళ్లూ సంఘం లెక్కలో కొరత లేదు. నేను మాత్రం దొంగ ముఖంతో ఆయన పక్కనే బెంచీ మీద కూర్చున్నాను. క్షమాపణ అయిపోయి మూడేళ్లయింది, నేను అడిగింది ఆ రోజు. ఏడ్చాను. ఏడుస్తూ, తెచ్చిన 300 కానుకల పెట్టెలో వేస్తానన్నాను. "పెట్టెలో ఎందుకురా? పోయింది నా డబ్బు, నాకియ్యి" అని తీసుకుని, లెక్కపెట్టుకుని, రొంటిన దోపుకున్నారు. తర్వాత ఒక తేగ వలిచి నా చేతికిచ్చారు.

ఆయన ఆ డబ్బు తీసుకోకపోయి ఉంటే నేను జన్మంతా ఆయన ముందు తల దించుకునే తిరిగేవాణ్ణి. తీసుకున్నారు కాబట్టి మర్నాడు ఎదురుపడితే మామూలుగా మాట్లాడగలిగాను.

మీరు అపొస్తలుడైన పౌలు ఫిలేమోను అనే విశ్వాసికి రాసిన పత్రిక ఈ రాత్రి చదవండి. ఒకే అధ్యాయం, 25 వచనాలు, పది నిమిషాలు పట్టదు. ఒనేసిము ఫిలేమోను ఇంటినుంచి వెళ్లిపోయిన దాసుడు. చెరసాలలో ఉన్న పౌలు దగ్గర ప్రభువును నమ్మాడు. అప్పుడు పౌలు ఏమన్నాడు? "నీ పాతవన్నీ గతించెను, ఇక్కడే ఉండి నాకు సేవ చెయ్యి" అనలేదు. తన దగ్గర ఉంచుకోవాలనే ఉందని రాసుకున్నాడు కూడా. అయినా ఉత్తరం చేతికిచ్చి వెనక్కి పంపాడు. ఆ ఉత్తరంలో 18వ వచనం చూడండి. అతడు నీకు ఏ నష్టమైనను కలుగజేసినయెడలను, నీకు ఏమైన ఋణమున్నయెడలను, "అది నా లెక్కలో చేర్చుము" అన్నాడు. 19లో, నా చేత్తో రాస్తున్నాను, "అది నేనే తీర్తును" అన్నాడు. కృప అప్పుని లేదని అనలేదు. అప్పు ఉందని ఒప్పుకుని, తీర్చేవాళ్లని వెతికింది. అయితే పోలిక ఇంతవరకే. ఒనేసిము దాసుడు, మీరు కాదు. ఒక మనిషిని సొత్తుగా పెట్టుకోవడమే పెద్ద అన్యాయం, ఆ ఉత్తరం ఫిలేమోనుకీ గట్టిగానే తగిలి ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో పద్ధతి రాసి ఉంది. తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి, అసలు పూర్తిగా ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి, ఎవరికి నష్టం చేశాడో వాళ్లకే ఇవ్వాలి. ఆ మనిషి లేకపోతే? దగ్గరి బంధువుకి. బంధువు కూడా లేకపోతేనే అది యెహోవాది, యాజకుడికి చేరుతుంది. ఆ వరస చూడండి. కానుకల పెట్టె చివర ఉంది. మనం దాన్ని మొదటికి తెచ్చుకున్నాం, అదే మనకు తేలిక కాబట్టి. పెట్టె మనల్ని ఏమీ అడగదు, తలుపు తీసి మొహం చూడదు.

కథోలిక సంఘాల్లో పాపసంకీర్తనానికి, అంటే గురువు ముందు పాపాలు చెప్పుకోవడానికి, వెళ్లి దొంగతనం ఒప్పుకుంటే, తిరిగివ్వడం గురించి కూడా మాట్లాడతారు. మనవాళ్లం ఆ కుర్చీ తీసేశాం, దాంతోపాటు ఆ ప్రశ్న కూడా తీసేశాం అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ప్రభువు ప్రార్థన చాలా సంఘాల్లో "మా అపరాధములను క్షమించుము" అని చెబుతారు. మత్తయి 6:12 తెరిస్తే అక్కడ "మా ఋణములు క్షమించుము" అని ఉంటుంది. మీకు ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు.

"అన్నీ తిరిగిచ్చేస్తే శాంతి వచ్చేస్తుందా?" అని కూడా అడిగారు. రాదు, దానికదే రాదు. యేసును డబ్బుకి అప్పగించిన శిష్యుడు యూదాను చూడండి. మత్తయి 27లో అతడు పశ్చాత్తాపపడ్డాడు, "పాపము చేసితిని" అని నోటితో ఒప్పుకున్నాడు, 30 వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు. ఒప్పుకోవడం ఉంది, తిరిగివ్వడం ఉంది. కానీ వెళ్లింది ప్రధానయాజకుల దగ్గరికి. వాళ్లు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. యేసు దగ్గరికి మాత్రం రాలేదు. ఇంకో శిష్యుడు పేతురు దగ్గర తిరిగివ్వడానికి ఏమీ లేదు. నాణేలు కావు కదా, మాటలు. యేసును మూడుసార్లు ఎరుగనన్నాడు. అయినా ఆయన ఉన్నచోటే తచ్చాడాడు, ఒడ్డున ఆయన కనబడగానే నీళ్లలో దూకాడు.

ఇక్కడ మన తెలుగు బైబిల్లో దొరకని ఒక సంగతి ఉంది. యోహాను 18లో పేతురు చలి కాచుకుంటూ బొంకిన చోట "మంట" అని ఉంటుంది. 21లో యేసు చేపలు కాల్చిన చోట "నిప్పులు" అని ఉంటుంది. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట, బొగ్గుల నిప్పు అని. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట వచ్చేది ఆ రెండు చోట్లే. ప్రభువు పేతురుని మళ్లీ అదే వాసన దగ్గర కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి ముందు అడిగింది లెక్క కాదు. ముందు భోజనం పెట్టాడు. తిన్న తర్వాతే "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి పేతురుకి బాధ కలిగింది. అయినా ఆయన అడగడం మానలేదు.

కాబట్టి బల్ల సంగతి. మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయంలో "అయోగ్యముగా" అన్న మాట చూసి మీరు లేచిపోతున్నారు. ఆ మాట మనిషి గురించి కాదు తమ్ముడూ, తినే తీరు గురించి. కొరింథు సంఘంలో డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తిని తాగేస్తుంటే, లేనివాళ్లు ఆకలితో కూర్చునేవారు. పౌలు కోపం దానిమీద. యోగ్యులే రావాలంటే ఆ బల్ల దగ్గర రొట్టె విరిచే నాతో సహా ఒక్కడూ మిగలడు. 28వ వచనం ఇంకోసారి చదవండి. తన్ను తాను పరీక్షించుకొనవలెను, "ఆలాగుచేసి" ఆ రొట్టెను తినవలెను అని ఉంది. పరీక్షించుకుని వెళ్లిపోవలెను అని లేదు.

మరి మత్తయి 5లో, నీ సహోదరుడికి నీమీద ఏదైనా ఉంటే అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు కదా అంటారు. నిజమే. ఆ మాట "వెళ్లి" అంటోంది. మీరు ఏడేళ్లుగా అర్పణ విడిచారు, వెళ్లలేదు. గుడి వరండాలో ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. నా సలహా ఏమిటంటే, ఊరికి ఫలానా తారీఖున వెళ్తానని ఖాయం చేసుకోండి, మీ కాపరికి చెప్పండి, ఈ వచ్చే మొదటి ఆదివారం బల్ల దగ్గర కూర్చోండి. అక్కడ తిన్న బలంతోనే వెళ్లాలి. దీన్ని ఒప్పుకోని కాపరులు ఉన్నారు, ముందు వెళ్లొచ్చి తర్వాత తినమంటారు. వాళ్లతో నాకు గొడవ లేదు. మీ కాపరి అలా అంటే ఆ తారీఖు ఇంకా దగ్గరికి జరపండి, అంతే.

ఏడేళ్లు ఆలస్యం చేశాను అని కుమిలిపోతున్నారు. అమేజింగ్ గ్రేస్ పాట రాసిన జాన్ న్యూటన్ గురించి మన ప్రసంగీకులు చెప్పేదాంట్లో, తుఫానులో ప్రార్థన చేసిన రాత్రే బానిసల వ్యాపారం మానేసినట్టు ఉంటుంది. అలా జరగలేదు. తుఫాను 1748లో. ఆ తర్వాత కూడా 1754 వరకు బానిసల ఓడల మీదే పనిచేశాడు, వాటికి కెప్టెన్ కూడా అయ్యాడు. 1764లో పాదిరి అయ్యాడు. తాను చేసినదాన్ని అచ్చులో బహిరంగంగా ఒప్పుకున్నది 1788లో, తుఫాను తర్వాత 40 ఏళ్లకి. ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని తనే రాశాడు. అప్పటికి ఆయన అమ్మిన మనుషులు ఎక్కడున్నారో ఎవరికి తెలుసు? మీ పెద్దావిడ ఎక్కడుందో మీకు తెలుసు. మీ మీద నాకున్న కోపం, ఆశ రెండూ అక్కడే.

ఇక పని. ముందు మీ భార్యకి చెప్పండి. ఇంటి డబ్బులోంచి పోతుంది కాబట్టి ఆమెకి తెలియకుండా మొదలుపెట్టిన తిరిగివ్వడం ఇంకో మోసం అవుతుంది. తర్వాత ఒక కాగితం మీద చిట్టీలో ఉన్నవాళ్లందరి పేర్లు రాయండి, గుర్తున్నంత వరకు ఎవరిది ఎంతో రాయండి. పెద్దావిడ ఒక్కతే మీకు గుర్తొస్తోంది గానీ డబ్బు కట్టింది ఆవిడ ఒక్కతే కాదు. 80,000కి అయిదో వంతు కలిపితే 96,000. మీ జీతం ప్రకారం నెలకి 4,000 ఇచ్చినా రెండేళ్లు. అది సంఖ్యాకాండములోని ధర్మశాస్త్రం లెక్క, ఈ 11 ఏళ్లలో ఆవిడ బయట ఎంత వడ్డీకి తెచ్చుకుందో దానికి తెలియదు. ఆవిడ ఎక్కువ అడిగితే బేరం ఆడకండి. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నది ఎవరూ అడగకముందే.

అనుమతి లేకుండా చిట్టీలు నడపడం 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నేరం. వెళ్లే ముందు తెలిసిన వకీలుతో ఒకసారి మాట్లాడండి. తప్పించుకోవడానికి కాదు, ఏం జరగొచ్చో తెలిసి వెళ్లడానికి. డబ్బు బ్యాంకులోంచో ఫోన్‌పేలోనో పంపితే ఇద్దరికీ లెక్క మిగులుతుంది.

వెళ్లినప్పుడు బైబిలు చంకలో పెట్టుకుని వెళ్లకండి. కాపరిని వెంటబెట్టుకుని వెళ్లకండి, ఆయన్ని చూసి ఆవిడ మీకు రెండు మాటలు తక్కువ తిడుతుంది. ఆ రెండు మాటలూ మీరు వినాలి. "దేవుడు నన్ను క్షమించాడు, మీరు కూడా క్షమించండి" అన్న మాట చచ్చినా అనకండి. ఆవిడ క్షమించడం మీ హక్కు కాదు, ఆవిడ ఇష్టం. మీరు అనాల్సింది "మీ డబ్బు నేను తిన్నాను, ఇదిగో మొదటి విడత, మిగతాది ఇలా ఇస్తాను" అని. ఆ పెళ్లి ఏమైందో ఆవిడ చెబితే కూర్చుని వినండి. చెప్పకపోతే అడగకండి. రోమా 12లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్నాడు పౌలు. శక్యం కాకపోవచ్చని ఆయనకీ తెలుసు.

సాక్ష్యం మాత్రం ఇప్పుడే మైకులో చెప్పకండి. చివరి విడత తీరేదాకా ఆగండి. సగం తీర్చి స్టేజీ ఎక్కినవాళ్లని చూశాను, చప్పట్ల తర్వాత మిగతా సగం కదల్లేదు.

మీ ప్రశ్న చివర్లో ఒక లైను ఉంది, "ఒక్కోసారి ఉండటం కంటే పోవడమే మేలనిపిస్తుంది" అని. దాన్ని నేను దాటిపోను. నిద్ర పట్టకుండా అలాంటి ఆలోచన వస్తుంటే డాక్టరుకి చూపించుకోండి, లేదా 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులోనే మాట్లాడతారు. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. నేనూ ఒక కాలంలో మందులు వాడాను. ఈ రాత్రే మీ భార్యకి ఆ లైను కూడా చూపించండి.

ఊరికి ఆదివారం వెళ్లకండి, పండుగ రోజు అసలే వద్దు. మామూలు రోజున, పొద్దున పనులు అయ్యాక, పదిన్నర పదకొండప్పుడు వెళ్లండి. ఆవిడ లేకపోతే ఇంట్లో ఎవరున్నారో కనుక్కుని వాళ్లకే చెప్పండి. వెళ్లొచ్చాక ఏమైందో ఇక్కడ రాయండి. తలుపు తియ్యకపోయినా రాయండి.